తాళపుటాటలలో తెలిసిన పాట, తెలియని పాట



నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. గురువులయొద్ద వ్యాకరణమును, ఛందస్సును నేర్చినవాడను. అట్టివాడు వీడియో గేములనుగూర్చి మాటాడబూనుట మీకు వింతగా తోచవచ్చును. మొదట నాకును వింతగానే తోచినది. కాని ఈ ఆటలలో కనబడు ఒక చిక్కు మన భజన మందిరములలోను కలదు. మన బతుకమ్మల చుట్టును కలదు. నేను బడిలో ఒకనాడు చేసిన పొరపాటులోను కలదు. కావున దానిని మీ ముందుంచ సాహసించుచున్నాను.

మొన్న దసరా సెలవులకు నా మనుమడు పట్నమునుండి సూర్యాపేటకు వచ్చెను. పండ్రెండేండ్లవాడు. అరుగుమీద కూర్చుండి చేతిలోని ఫోనుపై రెండు బొటనవ్రేళ్లతో టకటక కొట్టుచుండెను. దగ్గరకు పోయి చూచితిని. పైనుండి రంగురంగుల బిళ్లలు జారుచున్నవి. క్రింద ఒక గీత కలదు. లోపలినుండి ఒక సినిమా పాట వినవచ్చుచున్నది.

"ఇదేమి ఆటరా?" అంటిని.

"తాతా, బిళ్ల గీత మీదికి వచ్చినప్పుడే కొట్టాలె. ముందుగాల కొట్టినా తప్పే, ఎనుక కొట్టినా తప్పే" అని వాడు తల యెత్తకయే చెప్పెను.

నేను నవ్వితిని. ఇది మనకు కొత్తది కాదు. కోలాటమున ఎదుటివాని కోల వచ్చు క్షణమునకే మన కోల పోవలెను. చిరుతల రామాయణమున చిరుత మ్రోగుటయు అడుగు పడుటయు ఒక్కటి కావలెను. డప్పు కొట్టువాని కుడిచేతి చిర్రయు ఎడమచేతి చిటికెన పుల్లయు తమ తమ చోట్లనే పడవలెను. చోటు తప్పినచో గురువు కన్నెఱ్ఱ జేయును. ఈ ఆటలో ఆ గురువుయొక్క పని యంత్రము చేయుచున్నది. సెకనులో ఏ చిన్న భాగము తేడా వచ్చినను కనిపెట్టి, బాగున్నదనియో, ఫరవాలేదనియో, తప్పినదనియో వెంటనే తీర్పు చెప్పి అంకెలు వేయును. పాటలో ఎక్కడెక్కడ దెబ్బ పడవలెనో ముందుగా ఒక మనుష్యుడు చెవితో విని గుర్తులు పెట్టును. ఆ గుర్తులే బిళ్లలై పైనుండి జారును. ఇంతే ఇందలి మర్మము.

ఈ ఆటలకు పుట్టినిల్లు ముఖ్యముగా జపాను దేశము. 1996లో 'పరప్పా ది రాపర్' అను ఆటయు, 1997లో 'బీట్‌మేనియా'యు, 1998లో 'డాన్స్ డాన్స్ రెవల్యూషన్' అను ఆటయు వచ్చినవి. చివర చెప్పినదానిలో నేలమీది పలకపై నాలుగు దిక్కుల బాణపు గుర్తులుండును. ఆడువాడు వానిని కాళ్లతో త్రొక్కుచు చిందువేయును. 2001లో 'తైకో నో తత్సుజిన్' అను మద్దెల ఆట వచ్చినది. అందు రెండే దెబ్బలు: చర్మము నడుమ కొట్టిన ఒకటి, అంచున కొట్టిన రెండవది. 2005లో అమెరికాలో 'గిటార్ హీరో'యు, 2007లో 'రాక్ బ్యాండ్' అనునదియు వెలువడి, బొమ్మ వాద్యములను ఇంటింటికి చేర్చినవి. 2018లో చెకొస్లొవేకియా విడిపోగా ఏర్పడిన చెక్ దేశమునుండి 'బీట్ సేబర్' వచ్చినది. దానిని ఆడువాడు కన్నులకు ఒక పెట్టె కట్టుకొని, రెండు చేతులతో రెండు కాంతి కత్తులను పట్టుకొని, మీదికి వచ్చు దిమ్మెలను తాళమునకు సరిగా నరుకును. మన జంటకోలాటము చూచినవానికి దాని నడక వెంటనే బోధపడును.

ఇక చిక్కు ఎక్కడ కలదో చెప్పెదను. ఇట్టి ఆటలో అన్నిటికన్న ముఖ్యమైనది యంత్రము కాదు, పాటల పట్టిక. ఏ పాటలు అందు చేర్చవలెను? అందరు ఎరిగిన పాటలా, ఎవరును ఎరుగని పాటలా?

నా మనుమని ఫోనులోను ఒక పట్టిక కలదు. పై భాగమున ఇటీవలి సినిమా పాటలు. వానిని వాడు కన్నులు సగము మూసికొని కూడ తప్పు లేకుండ కొట్టుచుండెను. క్రింది భాగమున వాడు ముట్టని పేర్లు పదియో పండ్రెండో కలవు. "వీనినేల ఆడవు?" అని అడిగితిని.

"అవి ఎవలికీ ఎరుక లేని పాటలు తాతా" అనెను.

ఆ మాట నా గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనినది. ఏలయో తరువాత చెప్పెదను.

నా కోరికపై వాడు క్రింది పట్టికలోని పాట నొకదానిని తీసెను. మొదటి నిమిషముననే చేయి తడబడెను. పది దెబ్బలలో నాలుగు తప్పెను. అప్పుడు నాకొక సంగతి స్పష్టమైనది. అంతవరకు వాడు తాళమును విని కొట్టలేదు. జ్ఞాపకమును నమ్మి కొట్టుచుండెను. పాట ఎటు పోవునో ముందే తెలియుటచే చేయి దానివెంట పోయినది. తెలియని పాట వచ్చినప్పుడు మాత్రమే చెవి పనిచేయవలసివచ్చెను.

మన పెద్దలు ఈ విషయమునకు రెండు పేర్లు పెట్టిరి: మార్గము, దేశి. సూర్యాపేట దాపున పిల్లలమఱ్ఱిలో 13వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఆలయములు వెలసినవి గదా. అటుతరువాత ఇంచుమించు అర్ధశతాబ్దమునకు, 1253-54 ప్రాంతమున, కాకతి గణపతిదేవుని గజసేనాపతియగు జాయపసేనాని 'నృత్తరత్నావళి' రచించెను. అందు ఎనిమిది అధ్యాయములు. మొదటి నాలుగింటిలో శాస్త్రసిద్ధమైన మార్గ నృత్తమును వివరించి, తక్కిన నాలుగింటిని ఆయా సీమల జనులు తమ తమ అభిరుచి కొలది ఆడుకొను దేశి నృత్తమునకు కేటాయించెను. రాజాస్థానమున కూర్చున్న సేనాపతి జనపదముల చిందునకు సగము గ్రంథమిచ్చుట గమనింపదగినది. ఆ కాలపు కవియే యగు పాల్కురికి సోమనాథుడును 'పండితారాధ్య చరిత్ర'మున తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగు జనుల పాటలను పేర్లతో పేర్కొనెను. ఆ పేర్లే లేకున్నచో ఆనాటి స్త్రీపురుషులు ఏమి పాడుకొనిరో మనకు ఊహకైనను అందకుండెడిది. పట్టికలో చేరిన పేరు నిలిచినది.

ఈనాడు మార్గమనగా శాస్త్రము కాదు. పదిమంది నడచి నడచి వెడల్పయిన బాట. సినిమా పాట ఆ రాజమార్గము. దేశి యనగా పొలము గట్టుమీది కాలిబాట. నేను ఈ అర్థముననే ఆ మాటలను వాడుచున్నాను.

రాజమార్గమును నిందించుట నా ఉద్దేశము కాదు. పట్టిక కూర్చువాడు ప్రసిద్ధమైన పాటలనేల కోరునో న్యాయముగా ఆలోచింతము. అతడు ఆటను అమ్మవలెను. కొనువాడు పెట్టెమీద తనకు తెలిసిన నాలుగు పేర్లు చూచిననే గాని చేయి చాపడు. కొత్తగా ఆట నేర్చువానికి తెలిసిన పాట ఊతకర్ర వంటిది. మేము బడిలో చేసినదియు ఇదియే గదా? తెలిసిన దానినుండి తెలియని దానికి కొనిపోవుట బోధనలో మొదటి సూత్రము. అయితే ప్రసిద్ధమైన పాటకు వెల యెక్కువ. పాట వ్రాసినవారికిని స్వరము కట్టినవారికిని ఒక రుసుము, ఆ ధ్వనిముద్రణము ఎవరి సొత్తో వారికి వేరొక రుసుము చెల్లింపవలెను. 2005 నాటి 'గిటార్ హీరో'లో ముఖ్య పట్టికలోని పాటలు పెక్కు మూలగాయకుల ధ్వనిముద్రణములు కావు. వేరొకరిచేత వాయింపించి పాడించి చేర్చినవి.

ఆ ఆటయొక్క పట్టికనే చూడుడు. మొత్తము 47 పాటలు. అందు 30 ముఖ్యమైనవి, పేరుపడ్డవి. మిగిలిన 17 అదనపు పాటలు. ఇవి పెక్కు చిన్న బృందములవి. కొన్ని ఆ ఆటను నిర్మించిన సంస్థలోని పనివారే పాడుకొను బృందములవి. ఆడువాడు ఆటలో సంపాదించిన ఉత్తుత్తి డబ్బుతో వానిని ఒక్కొక్కటిగ కొనుక్కొనవలెను. అనగా ముందు వాకిలిలో పెద్ద పాటలు, పెరటి వాకిలిలో చిన్న పాటలు. పెరటి వాకిలియైనను తెరచియుంచుట ఆ పట్టిక కూర్చినవారి మంచితనము.

ఆ పెరటి వాకిలినుండి ఏమి వచ్చునో 2007లో తెలిసినది. ఆ సంవత్సరపు 'గిటార్ హీరో' మూడవ భాగమున, ఆట అంతయు ముగిసిన పిమ్మట, ఇంగ్లండులోని 'డ్రాగన్‌ఫోర్స్' అను బృందపు పాట నొకదానిని చేర్చిరి. సామాన్య శ్రోతలు ఆ బృందమును అంతగా ఎరుగరు. ఆ పాటలో వేగమెంతయన, వ్రేళ్లు కనబడవు. పిల్లలు దానిని పంతముగా పట్టుకొనిరి. ఓడి, మరల ఓడి, మరల మొదలుపెట్టి, దానిని గెలిచినవానికి చుట్టుపట్ల పేరు వచ్చు స్థితి ఏర్పడెను. ఆ బృందపు పేరు దేశదేశములకు ప్రాకినది. 'బీట్ సేబర్' సంగతి ఇంకను విచిత్రము. అది మొదలైనప్పుడు అందున్నవి ప్రసిద్ధ గీతములు కావు, ఆ ఆటకొరకే కట్టించిన కొత్త పాటలు. ఎవరును ఎరుగని ఆ పాటలను ఆడి ఆడి జనులు నేర్చుకొనిరి. పేరుగల గాయకుల పాటల కట్టలు అందు తరువాత చేరినవి. జపానువారి మద్దెల ఆటలో సినిమా, టెలివిజన్ పాటల ప్రక్కనే శాస్త్రీయ సంగీతమునకును చిన్నపిల్లల పాటలకును వేర్వేరు అరలుండుట అలవాటు. పిల్లవాడు ఒక అర వెదకుచు మరియొక అరలో చేయి పెట్టును. అదియే లాభము.

మన సీమనుండియు ఇట్టి నిదర్శనములు చూపవచ్చును. తెలంగాణ సాయుధ పోరాట కాలమున, 1940ల దశకమున, ఈ సూర్యాపేట చుట్టుపట్ల గ్రామములలో నిజాము పాలనపై పుట్టిన 'బండెనక బండి కట్టి' అను పాట యాదగిరి అను పోరాటకవి కట్టినదని ప్రసిద్ధి. ఆ పాట చిరకాలము ఊళ్ల నోళ్లలోనే యుండెను. 1979 నాటి 'మా భూమి' చలనచిత్రమున గద్దరు దానిని పాడగా తెలుగునాడంతయు దాని నెరిగినది. నేడది రాజమార్గము. నిన్న అది మన కాలిబాటయే. అట్లే నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారి పండ్రెండు మెట్ల కిన్నెర. ఏండ్లతరబడి దానిని ఊరూర వాయించినను విన్నవారు కొందరే. 2021లో 'భీమ్లా నాయక్' చిత్రపు పాటలో ఆయన కిన్నెరయు గొంతుకయు వినబడిన పిదప పట్టణపు బాలురుకూడ కిన్నెర యననేమో తెలిసికొనిరి. 2022లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. కిన్నెర అంతకు ముందును అంత మధురముగానే మ్రోగుచుండెను. మారినది కిన్నెర కాదు. అది చేరిన పట్టిక మారినది.

కాబట్టి ఎరుక లేని పాట యనగా చెడ్డ పాట కాదు. ఇంకను వాకిలి దొరకని పాట.

ఇక నడకల మాట. ఛందస్సు చదివినవానికి ఇది ఇష్టమైన విషయము గనుక కొంచెము ఓర్పు వహింపుడు. మన రగడలలో హయప్రచారమునకు మూడు మాత్రల నడక, మధురగతికి నాలుగు, ద్విరదగతికి అయిదు, వృషభగతికి మూడును నాలుగును కలసి ఏడు. గుఱ్ఱము, ఏనుగు, ఎద్దు వీని నడకలు చూచి మన పెద్దలు పేర్లు పెట్టిరి. గురజాడ అప్పారావుగారి ముత్యాలసరముల నడకయు ఈ ఏడు మాత్రలదే. పల్లె పాటలలో ఈ నడకలన్నియు సజీవముగా నున్నవి. కోలాటమున ఒక్కొక్క కోపునకు ఒక్కొక్క నడక కలదు. దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగునప్పుడు భేరుల దెబ్బను విన్నవానికి లయ యననేమో వేరుగ చెప్పనక్కరలేదు.

వీడియో ఆటల పాటలలో నాలుగు దెబ్బల నడక పాలు చాల హెచ్చు. పాశ్చాత్యుల జనప్రియ సంగీతమంతయు ప్రాయికముగ నాలుగు నడకపైననే నిలిచియున్నది. మన సినిమా పాటలలోను పెక్కింటికి అదియే ఆధారము. నాలుగు మంచి నడకయే. కాని బాలుని చెవి నాలుగునే వినుచు పెరిగినచో అయిదు కుంటినడకగను, ఏడు తప్పుగను వానికి తోచును. ఒక పట్టికలో తెలియని పాటలు లేకపోవుటవలన కలుగు నష్టము నాలుగు పాటల నష్టము మాత్రమే కాదు. ఒక నడకయే చెవినుండి జారిపోవును.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను. సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట మిర్యాలగూడ తాలూకాలోని ఒక పల్లెబడిలో పనిచేయుచుంటిని. వార్షికోత్సవమునకు పాటల పట్టిక కూర్చు భారము నాది. ఏడవ తరగతి బాలిక ఒకతె వచ్చి, "సారూ, మా నాయనమ్మ కోలాటం పాట పాడుత" అనెను. విందునని ఆ ముసలమ్మను బడికి పిలిపించితిని. ఆమె వసారాలో నిలిచి, కోలలు లేకయే, పాదముతో నేలను తట్టుచు పాడెను. మూడును నాలుగును, మూడును నాలుగును. చక్కని వృషభగతి. నేను శాస్త్రము చదివినవాడను, గుర్తుపట్టితిని. గుర్తుపట్టియు ఏమి చేసితిని? "ఇది ఎవరికిని తెలియదమ్మా. సభలో చప్పట్లు రావు" అని పట్టికనుండి ఆ పాటను కొట్టివేసి, దాని స్థానమున అందరు ఎరిగిన సినిమా పాట నొకదానిని వ్రాసితిని.

ఆమె కోపపడలేదు. "పాడితేనే గద సారూ ఎరుకైతది" అని, మనుమరాలి చేయి పట్టుకొని వెడలిపోయెను.

ఆ సాయంకాలము చప్పట్లు బాగుగనే మ్రోగినవి. ఏ పాటకు మ్రోగినవో ఇప్పుడు నాకు జ్ఞప్తిలేదు. ముసలమ్మ పాదపు దెబ్బ మాత్రము జ్ఞప్తి యున్నది. నా మనుమడు "ఎవలికీ ఎరుక లేని పాటలు" అనగనే నాకు తగిలినది ఆ దెబ్బయే. వాడన్నది నా మాటయే గదా.

దసరా వెళ్లిన తరువాత నేను ఆ పల్లెకు పోయితిని. ముసలమ్మ గతించి ఎంతో కాలమైనది. ఆనాటి బాలిక నేడు కోదాడలో కాపురమున్నదని విని అక్కడకు పోయితిని. నన్ను గుర్తుపట్టి, మంచినీళ్లిచ్చి, నేను వచ్చిన పని విని కొంతసేపు ఊరకుండెను. పిమ్మట పల్లవిని పాడెను. మొదటి చరణమును పాడెను. రెండవ చరణమున సగమునకు వచ్చి ఆగిపోయెను. "అటెనుక యాదికి లేదు సారూ" అనెను. కాని పదములు ఆగినను ఆమె చేయి ఆగలేదు. గడపమీద మూడును నాలుగును వేయుచునే యుండెను.

ఆమె అనుమతితో ఆ సగము పాటను ఫోనులో పట్టుకొని ఇంటికి తెచ్చితిని. మరల సెలవులలో వచ్చిన మనుమనితో, "దీనిని నీ ఆటలో పెట్టగలమా?" అని అడిగితిని. పెట్టవచ్చునట. 2007లో మొదలైన 'ఓసు' వంటి కొన్ని ఆటలలో ఆడువారే తమ పాటకు గుర్తులు పెట్టుకొను సౌకర్యమున్నది. 2010లో 'రాక్ బ్యాండ్' వారును చిన్న గాయకులు తమ పాటలను తామే సిద్ధము చేసి పంపుకొను ఏర్పాటొకటి చేసియుండిరి. పట్టిక కూర్చు అధికారము కొంతవరకు జనుల చేతికి వచ్చినదన్నమాట. పాట సొంతదారుల అంగీకారము మాత్రము ఉండవలెను.

తాతామనుమలమిద్దరము రెండు సాయంకాలములు కూర్చుంటిమి. మొదట యంత్రము తన అలవాటు చొప్పున నాలుగేసి గీతలు గీచెను. గుర్తులు పాటతో పొసగలేదు. ఏడుకు మార్చితిమి. కొంతవరకు పొసగినది. అంతలో వేగము తప్పెను. ఏలయన, కోలాటపు పాట మెల్లగ మొదలై పోను పోను వడి పెంచును. యంత్రమో, నిమిషమునకు నూటయిరువది దెబ్బలన్న, అర సెకనున కొకటి చొప్పున కడదాక అంతే కొట్టును. మనిషి గొంతుకను అనుసరించి నాలుగు చోట్ల వేగపు లెక్కను దిద్దవలసివచ్చినది. ఆ దిద్దుబాటులో నా మనుమడు ఏడు నడకను నేర్చెను. నేను నోటితో చెప్పియుండిన ఒక్క దినము వినెడివాడు కాడు.

పెద్దలారా, ఇందువలన నేను మనవి చేయునది మూడు మాటలు.

మొదటిది: పట్టిక కూర్చువారు మనలోనే యున్నారు. భజన మండలిలో మొదటి పాట ఏదో నిర్ణయించువారు, బతుకమ్మనాడు పెద్ద డబ్బాలలో ఏ పాట వేయవలెనో కుర్రవానికి చెప్పువారు, బడి ఉత్సవమునకు పేర్లు వ్రాయువారు, అందరు పట్టిక కూర్చువారే. తెలిసిన పాటతో మొదలుపెట్టుడు, తప్పు లేదు. జనులు చేరి గొంతు కలిపిన పిమ్మట, మూడు తెలిసిన పాటలకు ఒక తెలియని పాట చొప్పున నడుమ నిలుపుడు. చిట్టచివర ఉంచవద్దు. అప్పటికి జనులు లేచిపోదురు. మరుసటి యేడు ఆ పాట తెలిసిన పాటలలో చేరును.

రెండవది: మీ ఊరిలో పాట యెరిగిన వృద్ధులెవరో వెదకి, ఫోనులోనైన సరే, పాటను మొదటినుండి కడవరకు పట్టియుంచుడు. పట్టునప్పుడు డబ్బా వాద్యములు వద్దు. చేతి చప్పట్లో, పాదపు దెబ్బయో చాలును. ఒకసారి మెల్లగ, ఒకసారి ఆడునప్పటి వడితో పాడించుడు. మొదట ఊరి పేరు, పాడువారి పేరు, ఏ పనిలో లేక ఏ పండుగలో పాడుదురో ఆ సంగతి, వారి నోటనే చెప్పించుడు. మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాసి, నడక మూడో నాలుగో అయిదో ఏడో పైన గుర్తు వేయుడు. బిరుదురాజు రామరాజు గారు 1950ల దశకమున ఊరూర తిరిగి జానపద గేయములను సేకరించి విశ్వవిద్యాలయమున వానికి గౌరవము కలిగించిరి. అంత శ్రమ మనము పడనక్కరలేదు. మన వీధి చాలును.

మూడవది: పాడినవారి పేరును పాటనుండి వేరుచేయవద్దు. ఆటలలో ప్రసిద్ధ గీతమునకు రుసుము చెల్లింతురని చెప్పితిని. మన పాటలకు పేరు లేదు గనుక ఎవరును ఎవరికిని చెల్లింపరు. రేపు ఎవరైన ఆ పాటను తీసికొని సొమ్ము చేసికొన్నచో, ఇది ఫలాన ఊరి ఫలాన అమ్మ పాడినదని చెప్పుటకు మీ నోటుపుస్తకమే సాక్ష్యము.

నా మనుమడు ఇప్పుడు ఆ పాటను బాగుగ ఆడుచున్నాడు. పల్లవి పోవును, మొదటి చరణము పోవును, రెండవ చరణమున సగమునకు వచ్చును. అక్కడ బిళ్లలు రావు. తెర ఖాళీయగును. మొదటి దినమున వాడు వ్రేలెత్తి అట్లే కొంతసేపు వేచియుండి, "తాతా, మిగిలిన పాట ఏది?" అని అడిగెను.

నేను కొట్టివేసితినని వానికి చెప్పితిని.

మీ ఊళ్లలో ఇంకను పూర్తిగ పాడగలవారు ఉన్నారు. ఈ వారముననే వారి వాకిటికి పోవుడు.